నా పథ్యం, నా కూతురి కంచం

అత్‌లిస్కో,
ఫిబ్రవరి 9

అంపారో అక్కా,

ఫోను ముట్టుకోనివ్వని మఠంలో కూర్చున్నావు కాబట్టి నా గొప్పలన్నీ కాగితం మీదే చెప్పుకోవాలి. ఇవాళ చెప్పుకోదగ్గ గొప్పే ఉంది. నా షుగరు దిగింది. డాక్టరు రెండుసార్లు కాగితం తిరగేసి చూసి, మాత్రలు సగానికి తగ్గించాడు. ఏడాదిలో ఇరవై కిలోలు తగ్గాను. మొక్కల నర్సరీలో మట్టికుండీలు ఎత్తితే ఇదివరకు ఆయాసపడేదాన్ని, ఇప్పుడు కూలివాళ్లకంటే ముందు నేనే లారీ నింపేస్తున్నాను.

కిందటేడు ఆస్పత్రిలో నాకూ షుగరుందని చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది నాన్న కాలు. ముందు బొటనవేలు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలిదాకా. అప్పటికి నువ్వు మఠంలో చేరి రెండేళ్లు. ఆ కట్లు మార్చింది అమ్మా నేనూ. ఆస్పత్రి మెట్లు దిగుతూనే తీర్మానించుకున్నాను. మొక్కజొన్న రొట్టెలు, అన్నం, బంగాళాదుంపలు, చిక్కుడుగింజలు, పళ్లు ఇంట్లోకి రాకూడదు. గుడ్లు, మాంసం, జున్ను, అవకాడో, నాగజెముడు ఆకుల కూర, అంతే. రొట్టె లేని భోజనం భోజనమేనా అని ఊరంతా అడిగింది. అడగనీ. వాళ్లెవరూ నాన్న కట్లు మార్చలేదు.

ఇంట్లో రెండు వంటలు వండను, అందరికీ ఒకటే. అన్సెల్మో నా ముందు బుద్ధిగా తింటాడు. బయట ఏం తింటాడో గాని పుదీనా బిళ్లలు చప్పరిస్తూ ఇంటికొస్తాడు. మొగుణ్ని కాపలా కాసే ఓపిక నాకు లేదు, వదిలేశాను. జులేమాని మాత్రం వదల్లేదు. దానికి తొమ్మిదేళ్లు. నాన్న రక్తమే దాని ఒంట్లోనూ ఉంది. ఈ రోగం నాతో ఆగిపోవాలి, నా కూతుర్ని ముట్టకూడదు.

మా అత్తగారు తోమాసా సంగతి తెలుసుగా, ఊరుకునే మనిషి కాదు. వీధి చివరి ఇంట్లోంచి వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వస్తుంది, నేను గుమ్మంలోనే వెనక్కి పంపిస్తాను. మొన్న, "ఏమే హెర్మీనియా, ఇన్నేసి గుడ్లు తింటే మా కోళ్లు సమ్మె చేసేస్తాయే," అంది. నవ్వొచ్చింది గాని రొట్టెలు తీసుకోలేదు.

మొదట్లో జులేమా కూడా మారాం చేసింది. చక్రాల కుర్చీలో ఉన్న నాన్న ఫొటో తీసి చూపించి, తాతయ్య కాలు ఎలా పోయిందో చెప్పాను. అప్పట్నుంచి పేచీ లేదు. పుట్టినరోజు పార్టీల్లో కేకు పెడితే తనే వద్దంటుందట. నిజం చెబితే పిల్లలు వింటారక్కా, మనమే చెప్పం.

నా కోసం ప్రార్థించు. ఈసారి కృతజ్ఞతలు చెబితే చాలు, అడగాల్సిందేమీ లేదు.

నీ చెల్లెలు
హెర్మీనియా


అత్‌లిస్కో,
జూన్ 2

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. కిందటి ఉత్తరం దొరికితే దాన్నీ చింపేసేదాన్ని.

మే నెల మూడో ఆదివారం జులేమా గుడిలో మొదటిసారి సత్ప్రసాదం అందుకునే రోజు. గౌను జనవరిలోనే కుట్టించాను. ఎదిగే పిల్ల, మేనాటికి పొట్టి అవుతుందని టైలరు కింద మడత ఎక్కువ వదిలింది. ఆ ఉదయం తొడిగితే మడత విప్పే పని పడలేదు. పైగా నడుము దగ్గర రెండు పిన్నులు పెట్టాల్సి వచ్చింది. పిన్నులు పెడుతూ కూడా నాకు అర్థం కాలేదంటే, నా కళ్లు ఎక్కడున్నాయో ఆలోచించు.

గుడిలో పిల్లలు వరసగా నిలబడ్డారు. దాని వంతు వచ్చింది. ఫాదర్ పల్చటి గోధుమ అప్పం పైకెత్తి దాని నోటి దగ్గరికి తెచ్చాడు. అది పెదాలు బిగించేసింది. ఫాదర్ కొంచెం వంగి నోరు తెరవమన్నాడు. అప్పుడది అడిగింది, మూడు వరసల దాకా వినబడింది:

"ఫాదర్, ఇందులో పిండి ఎంత ఉంటుంది?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గుడంతా పాకింది. నవ్వనిది మా అత్తగారొక్కతే. నాకేమనిపించిందో చెప్పనా? నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఒక్క క్షణం నాకు గర్వంగా అనిపించింది. దేవుడి దగ్గర కూడా మాట తప్పని కూతురని. ఆ తర్వాతే దాని చేతులు చూశాను. కొవ్వొత్తిని రెండు చేతులా నలిగిపోయేలా బిగించి పట్టుకుంది, మైనం కారి గౌను మీద పడుతోంది, అది గమనించను కూడా లేదు. ఫాదర్ మంచివాడు. తల మీద చెయ్యి పెట్టి, ఇంకో ఆదివారం రావచ్చమ్మా అని పక్కకి పంపాడు. మీ మఠంలో రోజంతా అవే అప్పాలు కాలుస్తారు కదా, నీకు రాయడానికి అందుకే ఇంకా సిగ్గేసింది.

మర్నాడు అన్సెల్మో నన్ను అడగలేదు, పిల్లని తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. పదమూడేళ్ల కాపురంలో ఆయన నన్ను అడక్కుండా చేసిన పని అదొక్కటే. నేనూ వెనకే వెళ్లాను. డాక్టరు ఓల్మెదో అని ఒకావిడ, ముసలావిడే, మాట మెత్తన. బరువు చూసింది, ఎత్తు చూసింది, పాత కార్డు తీసి పక్కన పెట్టింది. ఎనిమిది నెలల్లో ఎత్తు పెరగలేదు, మూడు కిలోలు తగ్గింది. మలబద్ధకం ఉందా అని అడిగితే జులేమా తలూపింది, నాకెప్పుడూ చెప్పలేదు. బడిలో పరుగు పందేలు మానేసిందట, అదీ నాకు తెలియదు. రక్తపరీక్షలో షుగరు మామూలుగానే ఉంది. నేను వెంటనే, "చూశారా, నా పథ్యం పనిచేసింది," అన్నాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మీకు జబ్బుందమ్మా, అందుకు పథ్యం చేశారు, బాగుపడ్డారు. మెచ్చుకోవాలి. ఈ పిల్లకి ఏ జబ్బుకని చేయిస్తున్నారు?" అంది.

ఆవిడ జులేమా వైపు తిరిగి, రొట్టె అంటే ఎందుకు భయమని అడిగింది. అది తన బూట్ల వైపు చూసుకుంటూ చెప్పింది: "తింటే కాలు కోసేస్తారు."

అక్కా, ఆ మాట దాని నోట్లో పెట్టింది నేను. ఇన్ని నెలలు అది పేచీ పెట్టకుండా తింటోందని సంబరపడ్డాను గాని, అది భయపడుతూ తింటోంది.

ఇంకొకటి ఉంది. ఇరవై ఆరేళ్లుగా దాచింది. నువ్వు వెళ్లిపోయాక, డాక్టర్లు వద్దన్నాక కూడా, నాన్న రోజూ నన్ను మూల కొట్టుకి పంపేవాడు, కూల్‌డ్రింకు సీసా కోసం. అమ్మ పనికి వెళ్లాక. నేను సంచిలో దాచి తెచ్చేదాన్ని. తాగేశాక ఖాళీ సీసా కూడా నేనే మాయం చేసేదాన్ని. నాకప్పుడు పదకొండేళ్లు. ఆయన కాలు పోయింది, చూపు పోయింది, ఆయనే పోయాడు. శవపేటిక పక్కన నిలబడి, నేను తెచ్చిన సీసాలన్నీ లెక్కపెట్టుకున్నాను. అమ్మకి చెప్పలేదు, ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలోనూ చెప్పలేదు. జులేమా కంచంలోంచి రొట్టె తీసేసిన ప్రతిసారీ నేను నాన్న చేతిలోంచి సీసా లాక్కుంటున్నాననుకున్నాను. ఇప్పుడు చూస్తే రెండుసార్లూ తప్పే చేశాను.

ఏమంటావో అను. నువ్వు తిడితే పడతాను.

హెర్మీనియా


మఠం నుంచి,
జూన్ 20

హెర్మీనియా తల్లీ,

తిట్టాలనే కూర్చున్నాను, మా మదర్ నీ ఉత్తరం చదివి ముందు భోజనం చేసి రమ్మంది. తిన్నాక కోపం సగమైంది.

నేను ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది, ఈస్టరు ముందు తపస్సు కాలంలో అందరికంటే ఎక్కువ ఉపవాసాలుండి అప్పాల పొయ్యి ముందే కళ్లు తిరిగి పడ్డాను. అప్పటి మదర్ పక్కన కూర్చుని గ్లాసెడు పాలు తాగించి ఒక మాట చెప్పింది. తిరుసభ నియమం కూడా పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎవరినీ ఉపవాసం ఉండమనదు, ఎందుకో తెలుసా, ఎదిగే ఒళ్లు దేవుడు ఇంకా కడుతున్న ఇల్లు, కట్టేవాడి చేతిలోంచి ఇటుక లాక్కోకూడదు అంది. పెద్దదానివి నువ్వు నీ నోటితో ఒప్పుకుని చేసే పథ్యానికి దణ్ణం పెడతాను. నీ బిడ్డ ఒప్పుకోలేదు, భయపడింది. రెండూ ఒకటి కావు.

ఇక నాన్న సంగతి. దీంతో పాటు ఒక కాగితం పెట్టాను. నాన్న పోయే ముందు నాకు రాసిన ఆఖరి ఉత్తరం. అప్పటికే చూపు ఆనదు, పక్కింటి టీచరమ్మ చేత రాయించాడు. రెండో పేజీ చదువు. అందులో ఇలా ఉంది: "చిన్నదాన్ని సీసా కోసం పంపుతున్నాను. వద్దు నాన్నా అని ఏడుస్తుంది. అయినా కసిరి పంపుతున్నాను. నాకు సిగ్గులేకుండా పోయింది. పెద్దయ్యాక అది తన వల్లే అనుకుంటుందేమో. అనుకుంటే నువ్వు చెప్పు, తాగినవాణ్ని నేను, పంపినవాణ్ని నేను."

నువ్వు ఏడ్చావని నీకు గుర్తులేదు, చూశావా? ఆయనకి గుర్తుంది. నువ్వు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, మరిచిపోయావనుకుని నేనూ ఎత్తలేదు. ఇరవై ఆరేళ్లు ఈ కాగితం నా బైబిల్లో ఊరికే పడి ఉంది. నీ తప్పుకంటే నాదే పెద్దది. దానికి నువ్వు నన్ను తిట్టు, పడతాను.

పిల్లకి నిజం చెప్పు. ఈసారి మొత్తం చెప్పు.

మీ అక్క
అంపారో


అత్‌లిస్కో,
సెప్టెంబర్ 21

అక్కా,

నిన్ను తిట్టే ఉత్తరం ఒకటి రాశాను, పంపను. చదివితే నవ్వుతావు.

ముందు నా సంగతి. నా పథ్యం నేను మానలేదు, మానను. షుగరు ఇంకొంచెం దిగింది. నా కంచంలో రొట్టె ఉండదు. అన్సెల్మో ఇప్పుడు ఇంట్లోనే రెండు రొట్టెలు తింటున్నాడు, ఇంట్లో పుదీనా బిళ్లల వాసన పోయింది. కూల్‌డ్రింకులు, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్లు మాత్రం ఎవరికీ లేవు. దానికి డాక్టరమ్మ కూడా నా పక్షమే. మిగతాదంతా, రొట్టెలు, చిక్కుడుగింజలు, పాలు, జామపళ్లు, పిల్లకి పెట్టాల్సిందే అంది. రెండు వంటలు వండనన్నాను కదా, వండుతున్నాను. చచ్చిపోలేదు.

జులేమాకి మొత్తం చెప్పాను. నాన్న ఉత్తరం దానికి చదివి వినిపించాను. తాతయ్య కాలు పోయింది రొట్టె వల్ల కాదని, ఆయనకున్న జబ్బుకి మందు వేసుకోకుండా, వద్దన్నవి మానకుండా ఏళ్ల తరబడి ఉండటం వల్లని చెప్పాను. అబద్ధం చెప్పాలనుకోలేదు, భయపడి సగమే చెప్పానన్నాను. అది నా చేతిలోని ఉత్తరం తీసుకుని చూసి, "అయితే నువ్వు కూడా చిన్నప్పుడు భయపడ్డావా?" అంది. అవునన్నాను. "ఎవరికీ చెప్పలేదా?" అంది. లేదన్నాను. "నాకు చెప్పొచ్చుగా," అంది, నాకు పదకొండేళ్లప్పుడు అది పక్కనే ఉన్నట్టు.

అయినా భయం ఒక్క రోజులో పోలేదు. ఇలాంటి పిల్లలతో మాట్లాడే ఒకావిడ దగ్గరికి వారం వారం తీసుకెళ్లాం. పాలు ముందు తాగింది, తర్వాత గింజలు. రొట్టె దగ్గరే ఆగిపోయేది. చేత్తో పట్టుకుని, మడిచి, కంచంలో పెట్టేసేది. నేను పక్కనుంచి చూస్తూ ఉండేదాన్ని, ఇప్పుడు తింటుంది, ఇప్పుడు తింటుంది అని.

పోయిన నెల మా అత్తగారిని నేనే పిలిచాను. పిండి, పెనం తీసుకుని మా ఇంటికే రమ్మన్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి, "నన్నేనా పిలిచింది, నన్నేనా?" అని రెండుసార్లు అడిగి గాని లోపలికి రాలేదు. పొయ్యి దగ్గర కూర్చుని చేతుల మధ్య పిండి తడుతోంటే ఇల్లంతా ఆ చప్పుడే. మొదటి రొట్టె పెనం మీద పొంగింది. ఉప్పు చల్లి, చుట్టి జులేమా చేతిలో పెట్టింది.

అది రొట్టె వైపు చూడలేదు అక్కా. నా ముఖం వైపు చూసింది.

అప్పుడు అర్థమైంది. ఇన్ని వారాలు దానికి అడ్డం వచ్చింది రొట్టె కాదు. నేను నవ్వబోయాను, ఆ నవ్వు కూడా కాపలాలాగే ఉంటుందనిపించింది. మొక్కలకి నీళ్లు పెట్టాలి అని చెప్పి లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. పైపు చేతిలో పట్టుకుని కుళాయి తిప్పకుండా నిలబడ్డాను. లోపల చాలాసేపు పిండి తట్టే చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత నా కూతురి గొంతు వినబడింది:

"నానమ్మా, ఇంకోటి వెయ్యవా."

అప్పుడు కుళాయి తిప్పాను.

నీ చెల్లెలు
హెర్మీనియా