తొమ్మిదో పొర

జూన్ 2

ఆ రోజు సంగతి ఇంతవరకు రాయలేదు. రాస్తున్నాను.

ఫిబ్రవరి 19. సరళ ఆరింటికి లేచింది. ముందు రోజు తాండూరు పాటిగడ్డ మీద, ఆ పాత ఊరి దిబ్బ మీద, పురావస్తు తవ్వకానికి పోయి వచ్చాం. ఒళ్ళు నొప్పులంది. కాఫీ తాగుతూ, నేను రాత్రి ఎక్కించిన తవ్వకం రిజిస్టర్ తిరగేసింది. ఎనిమిదింటికి వంటింట్లో గోడ పట్టుకుని నిలబడింది. ఆటోలో నా మణికట్టు పట్టుకుని "తొమ్మిదండీ" అంది. వాచీ చూశాను. "ఇంకా కాలేదు, ఎనిమిదీ ఇరవయ్యే" అన్నాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ మాట్లాడలేదు. ఆస్పత్రి మెట్ల దగ్గరే అయిపోయింది.

అంతే.

జూన్ 3

లత మేడం ఫోన్, హైదరాబాద్ నుంచి. తవ్వకం ఆమె చేతి కింద. మేం ఊరికే సాయానికి పోయేవాళ్ళం.

"సార్, రిజిస్టర్ ఒకసారి సరిచూసి సంతకం పెట్టండి. తొమ్మిదో పొరలో ఏమీ దొరకలేదు, ఖాళీ అని రాసేస్తున్నా. ఇక కిందికి పోయే పని లేదు. పదకొండున ట్రాక్టర్ పెట్టి గుంత పూడ్పించేద్దాం."

సరే అన్నాను.

జూన్ 4

బీరప్ప కూడా ఫోన్ చేశాడు. గుంత ఉన్న చెలక ఆయనదే. మట్టికుప్పలతో, మేం వేసిన కంచెతో పోయిన వానాకాలం సగం చెలక బీడుపడింది.

"పూడుస్తున్రంట గద సారు? ఈసారన్న కంది ఏసుకోనియ్యున్రి. మీ పెంకులు మొలకెత్తవు, నా కంది మొలకెత్తుతది."

నవ్వాను. చాలా రోజులకు.

సరళ పోయిన రోజు గొర్లను ఎవరికో అప్పగించి వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. సాయంత్రం దాకా గేటు బయట నిలబడ్డాడు.

జూన్ 5

సరిచూడడానికి సరళ చీటీల పుస్తకం తీశాను. ప్రతి సంచికీ చీటీ ఆమే రాసేది, ఏ పొరలో దొరికిన కుండ పెంకులో. నకలు ఇందులో ఉంటుంది. అంకెలు తెలుగులోనే. "బడిలో ముప్పై ఏళ్ళు చెప్పిన అంకెలు, చీటీ మీద రాయకపోతే ఎట్లా" — మేడంతో వాదన కూడా పెట్టుకుంది. మేడం ఒప్పుకుంది. ఆ అంకెలను రిజిస్టర్లోకి ఇంగ్లీషులో ఎక్కించడం నా పని.

చివరి ఏడు చీటీలు, ఫిబ్రవరి 18వి. నేను రిజిస్టర్లో ఆరో పొర అని రాశాను. చీటీ మీద అంకెకు తోక ఉంది. చిన్నది. పెన్ను ఆగిన చోట.

౬ కాదు. ౯.

పాత చీటీలతో పోల్చాను. భూతద్దం పెట్టాను. పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను.

ఆటోలో ఆమె చెప్పింది టైం కాదు.

జూన్ 6

ఇల్లు కదల్లేదు. పాలవాడు రెండుసార్లు పిలిచాడట.

జూన్ 7

తాండూరు పోయాను. తోక ఒక్కటి చూసి నమ్మడం ఎట్లా అనుకున్నాను — అది పైకి చెప్పుకున్న మాట. నా చూపుదే తప్పని ఎవరైనా అంటే బాగుండుననుకున్నాను.

బీరప్ప ఇంట్లో లేడు. మల్లమ్మ ఉంది, ఆయన భార్య. ఆఖరి రోజు గుంతలో సరళ, ఆమె ఇద్దరే. మేడం ఊళ్ళో లేదు. నేను పైన చెట్టు నీడలో మొన్నటి లెక్కలు రాసుకుంటున్నాను.

ఆ రోజు ఎంత లోతులో కూర్చున్నారని అడిగాను.

"నాకేం ఎరుక సారు మీ పొరలు. నిచ్చెన ఏసుకొని దిగినం. పంతులమ్మ దిగుతుంటె నవ్వొచ్చింది నాకు. బాయిల దిగినట్టు దిగుతున్నవేందమ్మా అన్న. నువ్వు నా యీడుకొచ్చినంక చూస్త నీ దిగుడు అన్నది."

ఆరో పొర నడుం లోతే. అక్కడికి నిచ్చెన అక్కర్లేదు.

"పెంకులు దొరికినయా?"

"మస్తు. నల్లగ, అద్దం లెక్క నున్నగ. మురిసిపోయింది." ఆగి నా మొహం చూసింది. "ఎందుకడుగుతున్నరు సారు? గుంత పూడ్వరా ఏంది?"

పూడుస్తారనే అన్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

జూన్ 8

సాయంత్రం వాన. ఇక్కడ పడితే అక్కడా పడే ఉంటుంది. అదునైన వాన.

జూన్ 9

తొమ్మిదో పొర ఖాళీ కాదు. ఈ ఒక్క మాట చెబితే గుంత పూడ్చరు, ఇంకా కిందికి తవ్వుతారు. కుప్పలు పెరుగుతాయి. బీరప్పకు ఈ ఏడూ కంది లేదు. చెప్పకపోతే ఆయన విత్తుకుంటాడు. సరళ ఆఖరి రోజు పని తప్పుడు పొరలో ఉండిపోతుంది. ఎవరికీ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మేడం మెసేజ్: సార్, సంతకం?

పెన్ను తీశాను. పేరులో మొదటి అక్షరం దాకా రాశాను. రిజిస్టర్ అట్లాగే బల్ల మీద.

సరళ ఉంటే ఏమనేదో నాకు తెలుసు అని రాయబోయాను. తెలియదు. బీరప్ప అంటే ఆమెకూ అభిమానమే.

జూన్ 10

పొద్దున బీరప్ప ఫోన్. "విత్తనం తెచ్చిన సారు. ట్రాక్టర్ రేపు పదింటికంట. మీరు గూడ రాన్రి. పంతులమ్మ గుంత, మీరు లేకుంట పూడ్సుడు మంచిగుండదు."

వస్తానన్నాను. ఇంకోమాట చెప్పాలని నోరు తెరిచాను. ఆయన అప్పటికే గొర్లను అదిలిస్తున్నాడు.

మధ్యాహ్నమంతా మేడం నంబర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆమెకు చెప్పడం తేలిక. వెంటనే ట్రాక్టర్ ఆపిస్తుంది. బీరప్పకు ఆమే కబురు చేస్తుంది. నేను ఆయన మొహం చూడక్కర్లేదు.

ఫోన్ లోపల పెట్టేశాను.

ఆయన ఏమంటాడో. ఒక్క మాటా అనకుండా విత్తనం సంచి ఇంటికి తిరిగి మోసుకుపోతాడేమో... అదే నా భయం. పూడ్చెయ్యున్రి సారు, ఎవరికి ఎరుక అంటే? అప్పుడు ఏం చెయ్యాలో ఇంకా తెలియదు.

రేపు పొద్దున మొదటి బండికి తాండూరు పోతాను. ట్రాక్టర్ రాకముందే చెలక దగ్గర ఉంటాను. ముందు బీరప్పకు చెబుతాను.