మాటల మీద తెల్ల కాగితం

రాజమండ్రి,
12-11-1998, గురువారం.

శ్రీయుత బుల్లబ్బాయి గారికి సత్యప్రసాద్ నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఇంట్లోనూ క్షేమమేనని మొన్న మంగళవారం కళ్లారా చూసి వచ్చాను కనుక ఆ సంగతి మళ్లీ అడగను. అక్కడ చూసిన ఇంకో సంగతి గురించే ఈ ఉత్తరం.

మీరు ఊళ్లో లేని రోజున రావడం నా తప్పే. కానీ ఏం చెయ్యను? కొత్త పుస్తకానికి ఏ పేజీలో ఏ బొమ్మ ఉండాలో వివరంగా రాసి శ్రావణంలో పంపాను. జవాబు లేదు. దసరాకొక ఉత్తరం, దీపావళికొక ఉత్తరం రాశాను. ఉలుకూ పలుకూ లేదు. ప్రెస్సులో బుజ్జిబాబు గారు కాగితం కోసి పెట్టుకుని మీ బొమ్మల కోసం ఎదురుచూస్తున్నారు. ఆగలేక ద్రాక్షారామం బస్సెక్కాను. మీ ఆవిడ వెంకటదుర్గ గారు గుమ్మంలోకి వచ్చి, ఆయన పట్టిసీమ వెళ్లారండి, రేపు గానీ రారండి, ఎండన పడొచ్చారు, మజ్జిగ తాగి వెళ్దురు గాని అన్నారు. కూర్చున్నాను. కూర్చోకపోయినా బాగుండేది.

గూట్లో మన పుస్తకాలు కనబడ్డాయి. పన్నెండేళ్లలో వేసిన ముప్పై నాలుగూ ఉన్నాయి. నా కడుపు నిండిపోయింది. శుభలేఖలు కోయగా మిగిలిన కాగితంతో అరచేతంత బొమ్మల కథల పుస్తకం వేద్దామంటే ఊరంతా నవ్వింది, మీకు గుర్తుందా? రిక్షాల వెనక రేకుల మీద నెమళ్లు వేసుకుంటున్న మిమ్మల్ని పట్టుకొచ్చి, నేను కథ చెబుతాను, మీరు గీయండి అన్నాను. మొదటి పుస్తకం పెద్దాపురం మరిడమ్మ జాతరలో జీళ్ల కొట్టు పక్కన పెట్టి అమ్మాం. ఒక పిల్ల దాన్ని చదువుకుంటూ నడిచి, సోడా బండిని గుద్దుకుని, ఏడవకుండా మిగతా పేజీ చదివేసింది. ఆ రోజు మనిద్దరం పడ్డ సంతోషం నా పెళ్లిలో కూడా నేను పడలేదు. ఈ మాట మీనాకుమారికి చెప్పకండి.

అందుకే ముచ్చటపడి "కాకమ్మ కొలువు" తీశాను. తెరిచాను. బుల్లబ్బాయి గారూ, పేజీ తర్వాత పేజీ తిప్పాను.

బొమ్మల్లో వాళ్ల నోటి పక్కనుండే మాటల బుడగలన్నిటి మీదా తెల్ల కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. మైదా జిగురుతో, కత్తెరతో గుండ్రంగా కోసి మరీ. ఇంకోటి తీశాను. దాంట్లోనూ అంతే. ముప్పై నాలుగు పుస్తకాల్లోనూ నా మాట ఒక్కటి మిగల్లేదు. మీరు ఖాళీగా వదిలిన బుడగల్లో నా చేత్తో నేను రాసుకున్న అక్షరాలండీ అవి. ఒక్కో మాటా పైకి చదువుకుని, బుడగలో పట్టకపోతే కొట్టేసి, మళ్లీ కూర్చుకుని, స్నానాల గదిలో కూడా అవే గొణుక్కుంటే మా ఇంట్లో నాకు పిచ్చెక్కిందన్నారు.

ఉత్త కాగితాలైనా సరిపెట్టుకునేవాణ్ణి. వాటి మీద పెన్సిల్‌తో వెక్కిరింపు గీతలు. మహారాజు నిండు సభలో మాట్లాడే చోట ఒక చెవి, దాని మీద అడ్డంగా కొట్టివేత, పక్కన ఖాళీ కంచం. ఈయన మాట వినకండి, వింటే పస్తే అనే కదా దానర్థం? నా ముఖాన అనేస్తే పోయేది కదండీ.

మీ ఆవిడ లోపలికి వెళ్లినప్పుడు "కాకమ్మ కొలువు" సంచిలో వేసుకుని వచ్చేశాను. అవును, దొంగతనమే. రుజువు లేకపోతే మా ఆవిడ కూడా నమ్మదు.

ఇప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి. ప్రతి కొత్త పుస్తకం చేతికివ్వగానే మీరు పేజీలు తిప్పి, వాసన చూసి, బాగుందండి అనేవారు. మాటల గురించి ఏనాడూ ఒక్క ముక్క అనలేదు. నా ఉత్తరాలకి జవాబు మీ అమ్మాయి దుర్గాశ్రీ చేత రాయించి, కింద సంతకానికి బదులు పాలపిట్ట బొమ్మ గీసేవారు. కళాకారుడి దర్జా అనుకుని నేను మురిసిపోయాను. మొన్న వేసవిలో ఆ అమ్మాయి తణుకు కాపరానికి వెళ్లాక ఆ పాలపిట్ట కూడా రావడం మానేసింది. ఫోన్లో చెప్పెయ్యండి, లేకపోతే ఓసారి వచ్చి చెప్పండి అని మీరు అంటూనే ఉండేవారు. నోటి మాట గాలికి పోతుంది, రాసిందే నిలుస్తుంది అని నేనే పట్టుబట్టాను. నిలిచిందిగా, కాగితం కింద.

నాకు కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. మన పుస్తకాలు ఇక చాలు. శ్రావణంలో పంపిన కథ తిప్పి పంపించండి. బుజ్జిబాబు గారికి రేపు చెప్పేస్తాను.

వెంకటదుర్గ గారికి నమస్కారాలు.

ఇట్లు,
సత్యప్రసాద్

తా.క. పైన ఇట్లు అని రాశాక అన్నానికి లేచాను. తిరిగి వచ్చేసరికి మా మనవరాలు పూజిత నా కుర్చీ ఎక్కి "కాకమ్మ కొలువు" చదువుతోంది. దానికి ఇంకా అక్షరాలు రావు. అయినా పైకి చదువుతోంది. రాజుగారి పక్కన గీసిన చెవి, కంచం మీద వేలు పెట్టి, అన్నం లేదు అనే మాట రాజుగారికి వినపడకూడదంట తాతా అంది. వేలు తడిచేసి ఆ కాగితం ముక్క మెల్లగా ఊడదీశాను. కింద నా అక్షరాలు: "మా రాజ్యంలో ఆకలి అన్న మాట మా చెవిన పడరాదు."

ఇంకో ముక్క మీది బొమ్మలు చదవమన్నాను. కుండ, తలపాగా, దాంట్లో గూడు. కాకికి కుండెడు అన్నం కావాలంట, రాజుగారి తలపాగాలో గూడు పెట్టుకుంటుందంట అంది. ఊడదీస్తే కింద నేను రాసిందీ అదే. పుస్తకమంతా అదే. ఒక్క మాట పోలేదు.

మీకు చదవడం రాదు. పన్నెండేళ్లూ దుర్గాశ్రీ చదివి వినిపిస్తే గీశారు. నా మాటలు మర్చిపోకుండా బొమ్మల్లో రాసుకున్నారు. శ్రావణం నుంచి నా ఉత్తరాలు మీ గూట్లో అలాగే ఉండి ఉంటాయి, ఇంకొకరి చేత చదివించుకోవడానికి మొహమాటపడి. నేనేమో రాసిందే నిలుస్తుందని మీకు పాఠం చెప్పాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈ ఉత్తరం నా సొరుగులోనే ఉంటుంది. మీ సంగతి నాకు తెలిసిందని ఎప్పుడూ అనను. మీకు ఒక కార్డు వేస్తున్నాను. జీవితంలో మొదటిసారి బొమ్మలు గీశాను, నవ్వకండి. ఆ గేదెలా ఉన్నది బస్సు. గొడుగు పట్టుకున్నది నేను. నేను వచ్చేది కార్తీక సోమవారమని తెలియడానికి భీమేశ్వరస్వామి గోపురం, దాని మీద దీపం వేశాను. నా చేతిలో మీ పుస్తకం ఉంది. అడ్రసు మాత్రం అక్షరాల్లో రాయక తప్పలేదు, అది పోస్ట్‌మన్ గారి కోసం.

కొత్త కథ నోటితోనే చెబుతానని ఒక నోరు వేశాను. దాని పక్కన ఒక చెవి. కొట్టివేత లేదు.