సోమవారం సంతకాలు

మార్చి 4

ప్రియమైన ఆఫీసరక్కా,

మీ ఫుడ్ సేఫ్టీ ఆఫీసు పంపిన ట్రైనింగు మాస్టారు వచ్చి వెళ్ళాడు. రెండు రోజులు మమ్మల్ని ఫ్యాక్టరీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి, "ఎవరైనా కావాలని ఈ పాలు చెడగొట్టాలనుకుంటే ఎక్కడ చెడగొడతారు?" అని అడిగాడు. ఏం మాటలే అవి! బడిపిల్లలు తాగే పాలు! ప్యాకింగ్ ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. ఆయన నింపాదిగా, "బయటి దొంగకి గేటుంది, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మా వాచ్‌మన్ లేచి, "నేను గేటు దాటి లోపలికే రానండీ" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు.

కొత్త రూలు కూడా పెట్టారు. చక్కెర కలిపే ట్యాంకు మూత తీసిన దగ్గర్నుంచి బిగించేదాకా ఇద్దరు మనుషులు కదలకుండా అక్కడే ఉండాలట, ఇద్దరూ రిజిస్టర్లో సంతకం పెట్టాలట. ట్యాంకు బాబాయ్‌ది, షిఫ్టు నాది. కాబట్టి జంట మేమిద్దరం. బాబాయ్ తెలుసుగా? మా ఆయన పోయాక నన్ను వెంటబెట్టుకొచ్చి ఇక్కడ ఉద్యోగం ఇప్పించిన మనిషి. ఇరవై ఆరేళ్ళుగా అదే ట్యాంకు. వాసన చూసి పాలు రేపటికి నిలుస్తాయో లేదో చెప్పేస్తాడు. నోట్లో నాలుక లేదు పాపం. ఆయన మీద నేను కాపలా! సిగ్గుతో చచ్చాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే రెండో నిమిషంలో నువ్వు క్లాసు పీకుతావు, మూడో నిమిషంలో నేను పెట్టేస్తాను. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

నీ పొట్టిది

మార్చి 9

ప్రియమైన పొట్టిదానా,

నవ్వుకున్నారు, సంతోషం. ఆ ప్రశ్న రాసింది మాత్రం ఆ మాస్టారు కాదు, నేను. ఆ జంట రూలూ నాదే.

కల్తీ వేరు, ఇది వేరే. కల్తీ చేసేవాడికి డబ్బు కావాలి. కొనేవాడు రేపు కూడా బతికుండి మళ్ళీ కొనాలి. కావాలని చెడగొట్టేవాడికి డబ్బుతో పనిలేదు, కోపం చాలు. ఆ కోపం దారిన పోయేవాడికి వస్తే గోడ మీద రాయి విసిరి పోతాడు. లోపలి దారులు తెలిసినవాడికి వస్తేనే భయం. పదకొండేళ్ళుగా ఇలాంటి ఫైళ్ళు చదువుతున్నాను. ఒక్కదాంట్లోనూ చేసినవాడు రాక్షసుడిలా లేడు. అందరూ ఎవరికో ఒకరికి బాబాయిలే.

ఆ రూలు ఆయన్ని అనుమానించడానికి కాదు. రేపెవరైనా ఆయన్ని అనుమానిస్తే, "నేను పక్కనే ఉన్నాను" అని నువ్వు గుండె మీద చెయ్యేసుకుని చెప్పడానికి.

20న, గురువారం, మీ ఫ్యాక్టరీకి తనిఖీకి నేనే వస్తున్నాను. చెల్లెలున్న చోటికి నన్ను పంపొద్దన్నాను, మనుషులు లేరన్నారు. అక్కడ నేను నీకు అక్కని కాను. పళ్ళికిలించుకుంటూ ఎదురు రాకు.

అక్క

మార్చి 23

ప్రియమైన అక్కా,

"మేడమ్ గారూ, రిజిస్టరు తీసుకురండి" అంటావా నన్ను! నవ్వు ఆపుకోలేక లోపల బుగ్గ కొరుక్కున్నాను. పెద్ద తప్పులేవీ లేవని రాసిచ్చావట కదా, మేనేజరు ఆ సర్టిఫికెట్‌కి అద్దం కట్టించి గోడకి తగిలించాడు. నన్ను పిలిచి మెచ్చుకున్నాడు కూడా.

సంతోషం ఒక్క రోజే. నిన్న అందరి ముందూ బాబాయ్‌తో, "వచ్చే నెల కొత్త మెషీన్ వస్తోంది. నీ ముక్కుతో ఇక పనిలేదు. ట్రేలు కడుగుదువుగాని" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇరవై ఆరేళ్ళ మనిషితో అనే మాటేనా అది? బాబాయ్ తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేసి, వెళ్ళి ట్యాంకు మూత తుడుస్తూ కూర్చున్నాడు. నేను పక్కన నిలబడితే, "నేను లేకపోతే ఈ ఫ్యాక్టరీ వారం కూడా నడవదమ్మాయ్, చూస్తూ ఉండు" అన్నాడు. ఓదార్పుగా ఏదో అన్నాను. రాత్రి నాకే అన్నం సయించలేదు.

మీ ఆఫీసులో వయసైనవాళ్ళకి ఏదైనా పనుంటే చూడవే.

పొట్టిది

ఏప్రిల్ 10

పొట్టీ,

నీ ఫోన్ పనిచెయ్యట్లేదు. మీ అందరి ఫోన్లూ పోలీసులు తీసుకున్నారట. ఈ ఉత్తరం మనిషి చేత పంపుతున్నాను.

శనివారం మీ దగ్గర నింపిన ప్యాకెట్లు సోమవారం బడుల్లో పంచారు. ముప్పై ఒక్కమంది పిల్లలు ఆసుపత్రిలో ఉన్నారు. నోళ్ళు, గొంతులు కాలిపోయాయి. ట్యాంకులు కడిగే మందని తేలింది. ఐదేళ్ళ పాప ఒకతి ఈ ఉదయం పోయింది. నేను ఆ వరండాలోనే ఉన్నాను. వాళ్ళమ్మ అరవలేదు. పాప చెప్పులు పట్టుకుని, ఇంటికి వెళ్ళొచ్చా అని నర్సుని అడిగింది.

పాలు తెచ్చిన ట్యాంకరు డ్రైవరుని అరెస్టు చేశారు. గేటు దగ్గర గంటలు గంటలు నిలబెడుతున్నారని పోయిన నెల మీ మేనేజరుతో గొడవపడ్డాడట. దార్లోనే కలిపి, నకిలీ సీలు వేశాడంటున్నారు. అంత గట్టిగా ఎందుకంటున్నారంటే మీ రిజిస్టరు వల్ల. శనివారం మూత తీసింది పది నలభై, బిగించింది పదకొండు ఐదు, ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఫ్యాక్టరీలో ఏమీ జరగలేదనడానికి నీ సంతకమే సాక్ష్యం.

నువ్వు అక్కడే ఉన్నావు కదా? అవునని ఒక్క ముక్క రాయి, చాలు.

అక్క

ఏప్రిల్ 19

అక్కా,

నేను లేను.

ఈ ముక్క రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ శనివారం ఒక్కటే కాదు, ఏ రోజూ సరిగ్గా లేను. రూలు పెట్టిన రెండో వారం నుంచే, సోమవారం పొద్దున టీ తాగుతూ వారం మొత్తానికీ ఒకేసారి సంతకాలు పెట్టేసేవాళ్ళం. టైములు తర్వాత బాబాయ్ రాసుకునేవాడు. ఆయన పక్కన కాపలాగా నిలబడటం నాకు చేతకాలేదే. పెద్దమనిషిని అవమానించినట్టుండేది. అది మర్యాద అనుకున్నాను.

ఆ రోజు ప్యాకింగ్ మెషీన్ ఆగింది. "వెళ్ళు తల్లీ, నేను చూసుకుంటాగా" అన్నాడు. తిరిగొచ్చేసరికి మూత బిగిస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమైందంటే ఆవిరి తగిలిందన్నాడు. ఆ ట్యాంకులోంచి ఆవిరి రాదక్కా. నాకు తెలుసు. తెలిసీ సరేనని వెళ్ళిపోయాను.

డ్రైవరు భార్య రోజూ గేటు దగ్గర నిలబడుతోంది, చంకలో బిడ్డతో. నిన్న నా చెయ్యి పట్టుకుని, "మీరక్కడే ఉన్నారంట కదమ్మా, మా ఆయన అలాంటోడు కాదని మీరైనా చెప్పండమ్మా" అంది. నేను తలూపాను. దేనికి ఊపానో దేవుడికే తెలియాలి.

నోరు విప్పితే బాబాయ్ పోతాడు. నేనూ జైలుకి పోతాను. నా కొడుకుని ఎవరు చూస్తారు? విప్పకపోతే ఆ డ్రైవరు. ఇది నా అక్కకి రాసిన ఉత్తరం, ఆఫీసరుకి కాదు. చదివి చింపెయ్యి. ఏం చెయ్యాలో మాత్రం చెప్పు.

నీ చెల్లి

ఏప్రిల్ 24

చెల్లీ,

చింపలేదు. తిట్టుకునే ముందు నా సంగతి కూడా విను.

తనిఖీ రోజున రిజిస్టరు తెరిస్తే శుక్రవారం, శనివారం గళ్ళల్లో నీ సంతకాలున్నాయి. గురువారం నాడు! టైములు లేవు, సంతకాలే. ఏం జరుగుతోందో అర్థం కావడానికి నాకు క్షణం పట్టలేదు. రాస్తే నీ ఉద్యోగం ఊడేది. పేజీ తిప్పి, సరిగా ఉందని రాసి, మీ మేనేజరు ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. ఊరందరికీ పాఠాలు చెప్పేదాన్ని, నా చెల్లెలి దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు ఒక్క వాక్యం రాసుంటే ఆ ట్యాంకు దగ్గర బాబాయ్ ఒంటరిగా ఉండేవాడు కాదు. పాప బతికేది. "అవునని రాయి" అని నిన్ను అడిగింది నీ కోసం కాదే, నా కోసం. నువ్వు ఒక్క అబద్ధమాడితే నా తప్పు కప్పబడిపోతుందని ఆశపడ్డాను.

నీ ఉత్తరం, నేను రాసిచ్చిన వాంగ్మూలం రెండూ నిన్న విచారణ అధికారి చేతికిచ్చాను. నిన్ను అడగలేదు. అడిగితే ఇద్దరం కలిసి మళ్ళీ ఏదో ఒక సాకు వెతుక్కుంటాం.

సాయంత్రం బాబాయ్‌ని తీసుకెళ్ళారు. కాదనలేదట. "వాసనకే పారబోస్తారనుకున్నా. వారం మూతపడితే నా విలువ తెలిసొస్తుందనుకున్నా. ఆ వాసన పట్టేది నేనొక్కడినేనని అప్పుడు తట్టలేదు" అన్నాడట. డ్రైవరుని రేపు వదిలేస్తారు.

నన్ను సస్పెండ్ చేశారు. కేసు మనిద్దరి మీదా ఉంటుంది. నీ కొడుకుని మీ బావ చూసుకుంటానన్నారు, ఆ బెంగ పెట్టుకోకు.

బుధవారం పదింటికి మనల్ని విచారణకి పిలుస్తారు. నేను బల్లకి అవతల ఉండను, నీ పక్క కుర్చీలో ఉంటాను. చూసింది చూసినట్టు చెప్పు, నా గురించి అడిగినా సరే. పాప వాళ్ళమ్మ కూడా వస్తుందట. క్షమించమని కాళ్ళ మీద పడకు. అలా పడితే మనల్ని ఊరుకోబెట్టే పని కూడా ఆవిడ నెత్తినే పడుతుంది. ఆవిడ ఏమడిగితే దానికి జవాబు చెబుదాం, అంతే.

నీ అక్క