పరుగెత్తే మనిషి వెంట

గవర్నర్‌పేట,
1974 ఫిబ్రవరి 4

ప్రియమైన మాస్టారికి,

రామలింగం నమస్కారాలు. పక్షవాతం వచ్చిన మీ కుడిచెయ్యి కొంచెం కదులుతోందని అమ్మగారు కబురు చేశారు. సంతోషం. మీరు నాకప్పగించి వెళ్ళిన స్టూడియో బాగానే నడుస్తోంది. ఈ మధ్య ఒక పత్రికవాళ్ళు ఊళ్ళో సంగతులకి ఫోటోలు తీసిమ్మన్నారు. మొన్న సైకిల్ పందేనికి పంపారు. పన్నెండు తీస్తే పన్నెండూ పొగ. ఎడిటరుగారు ఒకటి ఎత్తి చూసి, "ఇది సైకిలేనంటావా?" అన్నారు. కుర్చీలో కదలకుండా కూర్చున్నవాళ్ళని తియ్యడమే మీ దగ్గర నేర్చుకున్నాను. కదిలేవాళ్ళని ఎలా తియ్యాలో రాయండి.

మీ అబ్బాయి జక్కయ్య వచ్చి వెళ్ళాడు. ఒక రైసుమిల్లు యజమాని దగ్గర లారీలు చూస్తున్నాడట. ఆ మిల్లులో హమాలీలు సమ్మె చేస్తున్నారు. వాళ్ళ మేస్త్రీ సొలొమోను పేరెత్తగానే జక్కయ్య మొహం మారిపోయింది. "వాడి కాళ్ళిరిగితే మిగతావాళ్ళు వాళ్ళే పనిలోకొస్తారు" అన్నాడు. మాటవరసకి అన్నాడనుకుంటున్నాను.

మీ జవాబు కోసం రోజూ తపాలా చూసే
రామలింగం

ఉయ్యూరు,
ఫిబ్రవరి 9

ప్రియమైన రామలింగానికి,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

మూడు దారులున్నాయి. ఎండ బాగా ఉంటే షట్టరు సెకనులో అయిదువందో వంతుకి పెట్టు. ఎగిరినవాడు గాల్లోనే ఆగిపోతాడు. వెలుగు తక్కువైతే వాడు ఏ చోటికి వస్తాడో ముందే చూసుకుని, అక్కడికి ఫోకస్ పెట్టి కాచుకో. మలుపు దగ్గర ఎవడైనా నెమ్మదిస్తాడు. మూడోది కష్టం. షట్టరు ముప్పయ్యో వంతుకి దించి, వాడి వెంట నువ్వూ తిరగాలి. పాదాలు కదలకూడదు, నడుం తిరగాలి. మీట నొక్కాక కూడా ఆగకూడదు. అప్పుడు మనిషి నిలుస్తాడు, వెనకున్నదంతా గీతలైపోతుంది. కెమెరా పైనున్న అద్దంలోకి మాత్రం చూడకు, అందులో కుడి ఎడమవుతుంది. మూతలోని చట్రం తెరిచి నేరుగా చూడు.

జక్కయ్య సంగతి రాశావు. వాడు మాటవరసకి అనే రకం కాదు. సొలొమోనుని ఒంటరిగా తిరగొద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పకు.

దేవుడు నిన్ను కాయుగాక,
కృపానందం

గవర్నర్‌పేట,
ఫిబ్రవరి 19

ప్రియమైన మాస్టారికి,

వారం రోజులుగా ఏలూరు కాలవ గట్టు మీద నిలబడి వచ్చేపోయే సైకిళ్ళ వెంట తిరుగుతున్నాను. జనం నాకు పిచ్చెక్కిందనుకుంటున్నారు. మూడు రీళ్ళు పాడయ్యాక నిన్న ఒక పాలవాడు దొరికాడు. మీసంతో సహా తెలుస్తున్నాడు, వెనక చెట్లన్నీ చారలు.

సొలొమోనుకి చెప్పాను. "నా వెనక నలభై మందున్నారండీ" అని నవ్వాడు. రేపు పత్రికవాళ్ళు నన్ను మిల్లు గేటు దగ్గరికి వెళ్ళమన్నారు.

మీ
రామలింగం

గవర్నర్‌పేట,
ఫిబ్రవరి 21

మాస్టారికి,

నిన్న మధ్యాహ్నం మిల్లు గేటు ముందు లారీ ఆగింది. అందులోంచి పదిహేనుమంది ఇనపరాడ్లతో దూకారు. హమాలీలు చెల్లాచెదరయ్యారు. ఒకడి చెవి తెగి భుజం మీద వేలాడింది. సొలొమోను రోడ్డు పొడుగునా పరుగెత్తాడు, ఒకడు వెంటపడ్డాడు. నేను చట్రం తెరిచి, వాళ్ళ వెంట నడుం తిప్పాను. మీరు చెప్పినట్టే నొక్కాక కూడా ఆగలేదు. ఆ చట్రంలోనే మొదటి దెబ్బ చూశాను. తల వెనక. పడ్డాక ఇంకో ఆరు కొట్టాడు. నేను అరవలేదు మాస్టారూ. రీలు తిప్పుకున్నాను.

సొలొమోను రాత్రి ఆస్పత్రిలో పోయాడు.

ఫోటో చక్కగా వచ్చింది. ఇద్దరి మొహాలూ స్పష్టంగా ఉన్నాయి. కొట్టినవాడి పేరు నేను రాయలేను. నెగిటివ్ ఈ కవర్లో పెడుతున్నాను. ప్రింటు వెయ్యలేదు. పోలీసులడిగితే ఫిల్ము పాడైందన్నాను. మీరేం చెయ్యమంటే అది చేస్తాను.

రామలింగం

గవర్నర్‌పేట,
మార్చి 12

మాస్టారికి,

ఇది నా భార్య బాలత్రిపురసుందరి చేత రాయిస్తున్నాను. మీ దగ్గర్నుంచి జవాబు లేదు. సొలొమోను భార్య మణెమ్మ రోజూ వచ్చి స్టూడియో మెట్ల మీద కూర్చుంటోంది. "మా ఆయన్ని ఫోటో తీశావంటగా బాబూ, ఒక్కసారి చూపించు" అంటుంది. లోపలికి వెళ్ళిపోతున్నాను.

నేను ఫోటో తియ్యడం ఎవరో చూశారు. నిన్న జక్కయ్య ఇద్దరిని వెంటేసుకొచ్చి గాజుపెట్టెలన్నీ పగలగొట్టాడు. నెగిటివ్ ఎక్కడుందని అడుగుతూ నా కుడిచెయ్యి డార్క్‌రూం తలుపుసందులో పెట్టి తలుపు వేశాడు. రెండుసార్లకీ చెప్పలేదు. మూడోసారి మీ దగ్గరుందని చెప్పేశాను. నాలుగు వేళ్ళు విరిగాయి. వాడు మీ దగ్గరికే వస్తాడు. నన్ను క్షమించి, ఎక్కడికైనా వెళ్ళిపొండి.

రామలింగం

ఉయ్యూరు,
మార్చి 19

ప్రియమైన రామలింగానికి,

నెగిటివ్ అందిన రోజునే కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. మొహం పోల్చుకోకముందే ఆ చెయ్యెత్తిన తీరు పోల్చుకున్నాను. అది నాది. జక్కయ్యకి తొమ్మిదేళ్ళప్పుడు లెన్సు కింద పడేశాడని స్టాండు కాలు ఊడదీసి వాణ్ణి కొట్టాను. వాళ్ళమ్మ తెరేసమ్మ అడ్డమొస్తే ఆమెనీ కొట్టాను. ఒక్కసారి కాదు. స్టూడియోలో మెల్లగా మాట్లాడే మాస్టారినే నువ్వు చూశావు. ఇంట్లో మనిషి వాళ్ళిద్దరికే తెలుసు.

కాల్చేద్దామనే అనుకున్నాను. పంతొమ్మిది రోజులు బైబిల్లో దాచాను. అందుకే జవాబు లేదు. నీ వేళ్ళు నా మూలంగా పోయాయి.

నీ ఉత్తరం వచ్చిన పూటే వాడూ వచ్చాడు. నెగిటివ్ కాల్చేశానన్నాను. నమ్మలేదు. నన్ను మంచం మీంచి ఈడ్చి డొక్కలో తన్నాడు. తెరేసమ్మ తల పట్టి గోడకేసి కొట్టాడు. ఇల్లంతా చిందరవందర చేశాడు గాని బైబిలు మాత్రం ముట్టుకోలేదు. వాడు వెళ్ళాక తెరేసమ్మ ఊడిన పళ్ళు కొంగులో ఉమ్ముకుని, "ఇంక ఇచ్చెయ్యండి" అంది. వాడికేమో అనుకున్నాను. "పరుగెత్తుకెళ్ళి ఇవ్వనా?" అన్నాను. "వాడికి కాదండీ. కోర్టులో" అంది.

నిన్న ఆమె భుజం పట్టుకుని బస్సెక్కి బెజవాడ వచ్చాను. నెగిటివ్ మేజిస్ట్రేటుగారి చేతికిచ్చాను. సాయంత్రానికి జక్కయ్యని ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పట్టుకున్నారు. నీ చెయ్యి చూడలేక స్టూడియోకి రాలేదు. మణెమ్మ ఇంటికి మాత్రం వెళ్ళాం. నేను ఫలానా అని చెప్పుకున్నాను. ఆమె తలుపు వెయ్యలేదు, కూర్చోమనీ అనలేదు. చాలాసేపు నిలబడి వచ్చేశాం.

పోలీసులకి మొదట అబద్ధం చెప్పానని నువ్వే ముందుగా ఒప్పుకో. తరవాత ఎవరో అడిగి చెప్పించకూడదు. ఇరవై ఎనిమిదో తారీకున మనిద్దరినీ పిలుస్తారట. ఆ ఫోటో తీసింది నువ్వని నువ్వు చెప్పు. అందులో ఉన్నది నా కొడుకని నేను చెబుతాను.

నీ
కృపానందం