సంఘం బతికే ఉందట!

బిడ్డా సీతమ్మా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. గీ సంబరం నీకు చెప్పకుండ ఉండలేను! నీతోనే నువ్వు పెట్టిన ఇప్పపువ్వు సంఘం కూడా పోయిందని మీ సంఘపోళ్లు నీ దినాల నాడే ఆఫీసుకు తాళమేసిండ్రు. నిన్న భద్రాచలంల సంఘాలకు పైసల్లేకుంటనే చట్టం నేర్పిస్తున్నరంటే అందరం పోయినం.

"పెట్టినామె పోతే సంఘం ఉంటదా అమ్మా?" నేనే లేచి అడిగిన.

వకీలమ్మ నవ్వింది. "ఉంటది పెద్దయ్యా. రిజిస్టరైన సంఘం చట్టం లెక్కల ఒక మనిషే. ఎవరు పోయినా అది బతికే ఉంటది. కొత్త ప్రెసిడెంటును ఎన్నుకోండ్రి."

మీ సంఘం ముత్తమ్మ మొత్తుకున్నది: "ఓ బాబాయ్, బతికున్నదానికి దినాలు చేస్తిమి గదా!"

హాలంత ఒకటే నవ్వులు.

ఇయ్యాల పొద్దుగాల ఆఫీసు తాళం తీసినం. నీకు పిల్లల్లేరని మీ అమ్మ ఇంకా ఏడుస్తుంటది. "నీ బిడ్డ కన్న మనిషి ఉందే, గా సంఘమే!" అని చెప్పిన. నేను తాతనైన బిడ్డా!

మీ నాయిన