ఏటి మలుపు దగ్గర ఆగే బండి

మామయ్యకు నమస్కారాలు.

ఫోన్లో నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు నాకిచ్చిన పాత బండికి ఏదో అయింది. మంగళవారం, శుక్రవారం అమ్మను భుజం నొప్పికి ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను కదా, తిరిగి వచ్చేటప్పుడు ఏటి మలుపు రాగానే ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోతోంది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఉలకదు, పలకదు. పావుగంట పోయాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. లైట్లు ఒకోసారి మసకబారుతున్నాయి. వేడి చూపించే ముల్లు పొద్దున్నే చలిలో కూడా ఎర్రగీత దాకా ఎగిరిపడుతోంది. నా కళ్ళద్దాల షాపులో జనం ఎదురుచూస్తుంటే నేను ఏటి ఒడ్డున నీళ్ళు చూస్తూ కూర్చుంటున్నాను. మెకానిక్ ముందు మాత్రం బండి బుద్ధిగా నడుస్తుంది.

నీ మేనకోడలు

తా.క. అమ్మకు కంగారే లేదు. బండి ఆగగానే అద్దం దించి, గాలి బాగుంది అంటుంది.

*

చిరంజీవి పిచ్చుకకు మామయ్య దీవెనలు.

నలభై ఏళ్ళు బండ్ల కరెంటు పని చేసినవాణ్ణి, నా మాట విను. వచ్చిపోయే జబ్బు కలలాంటిది. తెల్లారాక వెతికితే దొరకదు. కాబట్టి ఒక పుస్తకం పెట్టుకుని ఏ రోజు, ఎండా వానా, బండిలో ఎవరున్నారు, ఆగిందా లేదా, అన్నీ రాయి.

లైట్లు మసకబారుతున్నాయంటే బండికి ఎర్త్ సరిగా అందడం లేదు. అక్కడ శుభ్రంగా గీకించు. ముల్లు ఎగరడం సెన్సర్ పని. వేడి లేకపోయినా ఉందని అబద్ధం చెప్తోంది. దాని తీగ కొస ఊడదీసి, తుడిచి మళ్ళీ పెట్టించు. అన్నీ ఒకేసారి చేయించకు. దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మీ మామయ్య

తా.క. మధ్యాహ్నం వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని నీ బండి నడుపుతున్నాను. మలుపు దాకా బాగానే వస్తోంది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టేస్తోంది.

*

మామయ్యకు నమస్కారాలు.

ఎర్త్ శుభ్రం చేయించాను. సిమెంటు మీద నిలబెడితే నేల తగలదేమోనని బండిని పక్కన మట్టిలోకి మార్చి, ఆ మట్టిని కూడా పైపైన గీకించాను. ఇల్లు కడుతున్నారా అని పక్కింటాయన అడిగాడు. లైట్లలో మార్పేమీ లేదు. సెన్సర్ సంగతి అమ్మకు చదివి వినిపిస్తే, బండేమన్నా సినిమానా, దానికి సెన్సారెందుకు అంది.

పుస్తకంలోంచి రాస్తున్నాను.

మంగళవారం. మంచు. నేను, అమ్మ. ఆగింది. ఏటి మీద పడవలో మనిషి కనిపించలేదు, పాట మాత్రం వినపడింది.

బుధ, గురువారాలు. ఎండ. నేనొక్కదాన్నే. ఆగలేదు.

శుక్రవారం. చినుకులు. నేను, అమ్మ. ఆగింది. చిన్నప్పుడు ఇంట్లో చెప్పకుండా ఈత నేర్చుకున్నానని అమ్మ చెప్పింది. ఇన్నేళ్ళూ నాకు తెలియనే తెలియదు.

నీ మేనకోడలు

తా.క. బండి మట్టిలో కూరుకుపోయింది. తోయడానికి నలుగురొచ్చారు. ఇది కూడా పుస్తకంలో రాయాలా?

*

చిరంజీవి పిచ్చుకకు దీవెనలు.

ఎర్త్ అంటే నేల కాదే తల్లీ. బ్యాటరీ నుంచి బండి ఇనుప ఒంటికి కలిపే లావు తీగ. ఈపాటికి తుప్పు పట్టి ఉంటుంది. ఈ ఉత్తరం మెకానిక్ చేతికే ఇవ్వు, నువ్వు మధ్యలో అర్థం చెప్పకు. వేడెక్కాక ఆగి, చల్లారాక లేస్తోందంటే ఇంజను తిరుగుతోందో లేదో కనిపెట్టే సెన్సర్ ఒకటుంది, దాని మీద అనుమానం. అది మార్పించు.

మీ మామయ్య

తా.క. పుస్తకం సంగతి మళ్ళీ చదివాను. నువ్వొక్కదానివే వెళ్ళిన రోజు ఆగనే లేదు. పక్క సీటు మీద బరువు పడితే కింద తీగ ఏదో నలుగుతోందేమో. అక్క బరువెంతో కనుక్కుని రాయి.

*

మామయ్యకు నమస్కారాలు.

తీగ మార్చారు, లైట్లు తెల్లగా వెలుగుతున్నాయి. ముల్లు బుద్ధిగా ఉంది. ఇంజను సెన్సరూ కొత్తది వేశారు. శుక్రవారం మలుపు దగ్గర మళ్ళీ ఆగింది.

నీ తా.క. అమ్మకు చదివి తప్పు చేశాను. వాడి బండికి నేను బరువయ్యానా అని రెండు రోజులు ఒక పూటే తింది. బతిమాలి వెనక సీట్లో కూర్చోబెడితే బండి ఆగలేదు. సీటు మొత్తం ఊడదీసినా తీగ ఎక్కడా నలగలేదన్నాడు మెకానిక్. నాకిక ఓపిక లేదు మామయ్యా. వచ్చే నెల పాత ఇనుము కొనే అతను వచ్చి బండి తీసుకెళ్తాడు. కోప్పడకు.

నీ మేనకోడలు

తా.క. ఇనుము మాట విన్నప్పటి నుంచి అమ్మ నోరు విప్పడం లేదు. నీ మీద కోపం ఇంకా తగ్గినట్టు లేదు.

*

ఒరే తమ్ముడూ, అక్క రాస్తోంది, కూర్చుని చదువు.

బండి నీ దగ్గరున్నప్పుడు మీ వీధిలో ఎవరి బండినో దొంగలెత్తుకుపోయారు. నువ్వు భయపడి దీనికి పక్క సీటు ముందు, కాళ్ళ కింద మ్యాట్ అడుగున, ఇంజను ఆపేసే దొంగ స్విచ్ పెట్టావు. టార్చి పట్టుకున్నది నేనే. నువ్వు మర్చిపోయావు, నేను మర్చిపోలేదు. మలుపు రాగానే కాలితో నొక్కుతాను. పావుగంటకు మళ్ళీ నొక్కుతాను.

మొదటిసారి పొరపాటున తగిలిందిరా. బండి ఆగింది. ఏరు మెల్లగా పోతోంది, ఎండ నీళ్ళ మీద ఊగుతోంది. ఇంట్లో నిలబడే తినే పిల్ల, స్టీరింగు మీద గడ్డం ఆనించి, "అమ్మా, నా వయసులో నువ్వేం చేసేదానివి" అని అడిగింది. అంత తీరిగ్గా అది నన్ను చూసి ఎన్నేళ్ళయిందో. ఆ తర్వాత తగిలినవేవీ పొరపాట్లు కావు.

బండిని ఇనుముకు వేస్తే ఆ పాపం నాది. నువ్వే ఏదో ఒకటి చెప్పి ఆపు. ఇక స్విచ్ ముట్టుకోను.

మీ అక్క

తా.క. అరవై నాలుగు కిలోలు. ఎక్కడా రాసుకోకు.

మామయ్యా, ఈ కింది నాలుగు ముక్కలు నావి. తనకు భుజం లేవడం లేదని, కవరు అంటించి పోస్టులో వెయ్యమని అమ్మ నాకే ఇచ్చింది. చదవకూడదు, చదివాను. ఇనుము అతన్ని రావద్దన్నాను. నాకు తెలుసని అమ్మకు చెప్పకు. ఇవాళ మలుపు దగ్గర నేనే తాళం తిప్పి ఇంజను ఆపేసి, మళ్ళీ ఆగిపోయిందమ్మా అన్నాను. అమ్మ గబుక్కున వంగి తన కాళ్ళ వంక చూసుకుంది. కాసేపు నా వంక చూసింది. అద్దం దించింది.