కొండకవతల ఎరుపు

మార్చి 9, ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ పిల్లలూ, ఆయనా, నేనూ క్షేమం. క్షేమంగా లేనిది నా పటం ఒక్కటే. మీ మోకాలు ఈమధ్య కాస్త మాట వింటోందని తలుస్తాను. వినకపోయినా ఆశ్చర్యపోను, అది మీ మోకాలే కదా!

పరదేశి చిలకలు ఇకముందు ఎక్కడెక్కడికి పాకుతాయో చూపే నా పటాన్ని పటాలు ఆమోదించే కమిటీకి పెద్దగా మీరు తిప్పి పంపారు. ఊళ్లలో కనబడినవన్నీ పంజరాల్లోంచి తప్పించుకున్న పిట్టలేనట, అవి కనబడినచోటల్లా నేను పెట్టిన చుక్కలు చెరిపేయాలట. చెరిపితే కొండకవతల, మీ ఊరి పళ్లతోటల మీద, చిలకలు వచ్చేచోటని నేను వేసిన ఎరుపంతా పోతుంది. మీరు పాతికేళ్ల కిందట గీసిన పటమే మళ్లీ మిగులుతుంది. వేడి దేశపు పిట్ట కొండ దాటితే చలికి చస్తుందని అప్పుడన్నారు, ఇప్పుడూ అదే మాట. మీరు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

అసలు ఆ చిలకలన్నీ మొదట పంజరాల్లోంచి వచ్చినవే నాన్నగారూ. సముద్రం ఈదుకుంటూ రాలేదు. మా వీధి బేకరీ వెనక సందులో నిలబడి చూశాను. పొయ్యి వేడి తగిలే గోడ కన్నాల్లో గూళ్లు పెట్టి, మంచు కురుస్తున్నా హాయిగా కాపురం చేస్తున్నాయి. వెచ్చటి గోడా, నాలుగు గింజలూ ఉంటే చాలు వాటికి.

చుక్కలు చెరపను. బుధవారం కమిటీ ఒప్పుకోకపోతే కాపు దిగేలోగా చిలకలు పళ్లు కొట్టకుండా చెట్లమీద కప్పే వలలు తోటలవాళ్లకు అందవు. వాళ్లకు ఏడాదికి ఒక్కటే పంట.

తండ్రి పటాన్ని కూతురే తప్పుపట్టిందని నలుగురూ నవ్వుతారని ఫోన్లో అన్నారు. పెట్టేశాక ఏడ్చాను. ఆ తర్వాత ఒళ్లు మండింది. చూసింది గీయి, కావాలనుకున్నది గీయకు అని నా చేతికి పెన్సిలిచ్చింది మీరే కదా! నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. బుధవారం అదే పటంతో వస్తున్నాను. మీరు కూర్చుని కాదనండి, నేను నిలబడి ఔనంటాను.

అమ్మకు నా ముద్దులు.

అచ్చం మీలాగే మొండిదైన
మీ అమ్మాయి

తా.క.: కొత్త కిటికీ తెర చూడమని అమ్మ నిన్న ఫొటో పంపింది. తెర బాగుంది. దాని పక్కనే, వంటింటి పొగగొట్టం సందులోంచి రెండు చిలకలు తలలు బయటపెట్టాయి. కింద గింజల పళ్లెం పట్టుకుని మీరు! అమ్మను నిలదీస్తే, రెండు చలికాలాలుగా అక్కడే ఉంటున్నాయనీ, నాకు చెప్పొద్దని మీరు ఒట్టు వేయించుకున్నారనీ ఒప్పుకుంది. వాటికి ముద్దుపేర్లు కూడా పెట్టారట. ఆ చుక్క కూడా పటంలో పెట్టాను, అన్నిటికంటే పెద్దగా. చెరపాలంటే నలుగురి ముందూ మీ చేత్తోనే చెరపండి.